ఇడుపు కాయితానికీ కోర్టు డిక్రీకీ మధ్య

నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో ఆలుమగల గొడవ ముందుగా పోయేది పంచాయితీకి. రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. చెప్పిన మాట తప్పకుండా ఉండటానికి ఇరుపక్షాల దగ్గరా ధరావతు పెట్టించుకుంటారు. ఇక కలిసి బతకరని తేలాక బాండు పేపరు తెచ్చి, 'ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం, ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదు' అని రాయిస్తారు. కింద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు, కొన్నిసార్లు నోటరీ ముద్ర. దీన్నే ఇడుపు కాయితం అంటారు.

అది చేతికొచ్చాక విడాకులు అయిపోయాయనే అందరూ అనుకుంటారు. అబ్బాయికీ అమ్మాయికీ మళ్లీ సంబంధాలు చూస్తారు. చిక్కు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. హిందూ వివాహ చట్టం, 1955 వర్తించే పెళ్లిని రద్దు చేసేది కోర్టు ఇచ్చే డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు. అదే చట్టంలోని 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులకు చోటిచ్చిన మాట నిజమే. కానీ అలాంటి ఆచారం ఆ కులంలో తరతరాలుగా నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. బాండు పేపరు మీద రాసుకున్నంత మాత్రాన అది ఆచారం అయిపోదు. డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే చట్టం దృష్టిలో మొదటి పెళ్లి అలాగే ఉంటుంది, రెండోది చెల్లదు. పాత ఐపీసీలో 494, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్ కింద కేసు కూడా పడొచ్చు. మగమనిషి చనిపోయి పింఛను దగ్గరో ఆస్తి పంపకం దగ్గరో ఇద్దరు భార్యలు ఎదురుపడ్డప్పుడు ఆ కాయితం ఎవరినీ కాపాడదు. ఎక్కువగా నష్టపోయేది దాన్ని నమ్మి మారు మనువు చేసుకున్న ఆడమనిషే.

ఇంకోవైపు, కోర్టులో నేరుగా కొట్లాడుకోవడం కూడా తేలికేం కాదు. క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో కారణంగా చూపి విడాకులు కోరితే దాన్ని సాక్ష్యాలతో నిరూపించాలి. వాయిదా మీద వాయిదా. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో చార్జీ లేకపోవచ్చు, ఆ రోజు కూలి మాత్రం పోతుంది. విడాకుల కేసు ఒకటి, మనోవర్తి కేసు ఒకటి, కట్నం వేధింపుల కేసు ఒకటి, గృహహింస కేసు ఒకటి, ఒక్కోటి ఒక్కో కోర్టులో నడుస్తుంటే రెండు కుటుంబాలూ ఆరిపోతాయి. ఈ రెండు దారుల నడుమ ఉన్నదే మీడియేషన్. దాని గురించి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లలో కూడా పంచాయితీ లాంటిదే అనుకునేవాళ్లు ఎక్కువ.

ఆ పొరపాటుకు మాట కూడా ఒక కారణం. తెలుగులో దీన్ని మధ్యవర్తిత్వం అంటున్నాం. ఊళ్లో మధ్యవర్తి అంటే తీర్పు చెప్పే మనిషి. 'ఆరు లక్షలిచ్చి తెంపుకోండి' అని ఆయన అంటే అదే ఆఖరి మాట. మీడియేటర్‌కు ఆ అధికారం లేదు. తప్పు ఎవరిదో ఆయన తేల్చడు, ఎంత ఇవ్వాలో చెప్పడు. వాళ్లిద్దరి చేత మాట్లాడించి, వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చేలా చూడటం వరకే ఆయన పని. నచ్చకపోతే ఎవరైనా ఏ దశలోనైనా లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లినందుకు తప్పు కట్టక్కర్లేదు, ధరావతూ పోదు.

పంచాయితీలో అమ్మాయి తరఫున తండ్రి మాట్లాడతాడు, మేనమామ మాట్లాడతాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి వింటుంది. అడిగితే తల ఊపుతుంది. అబ్బాయి పరిస్థితీ అంతకంటే గొప్పగా ఏమీ ఉండదు, అతని తరఫున కూడా వాళ్ల అన్నో బాబాయో అరుస్తుంటాడు. మీడియేషన్‌లో ముందు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి పద్ధతి వివరిస్తారు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఆ విడి మాటల్లో ఏది అవతలివాళ్లకు చెప్పాలో, ఏది చెప్పకూడదో చెప్పినవాళ్ల ఇష్టం. బిడ్డను తన దగ్గర ఉంచుకోవాలని ఉన్నా 'ఆడపిల్లకు బరువు' అని తండ్రి అడ్డుపడుతున్న సంగతి ఆమె బయటపెట్టగలిగేది ఆ గదిలోనే. అప్పు ఎంతుందో ఇంట్లో ఎవరికీ తెలియదని అతను ఒప్పుకోగలిగేదీ అక్కడే.

అక్కడ అన్న మాటలను తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. రాజీ కుదరకపోతే మీడియేటర్ కోర్టుకు పంపే రిపోర్టులో 'కుదరలేదు' అన్న ఒక్క ముక్కే ఉండాలి, లోపల ఏం జరిగిందో రాయకూడదని సుప్రీంకోర్టు 2010లో మోతీరామ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఊళ్లో పంచాయితీ అయితే సాయంత్రానికి ఛాయ్ హోటల్ దాకా పోతుంది.

ఈ పద్ధతి నిన్న మొన్న వచ్చింది కాదు. రాజీకి వీలున్న వివాదాలను కోర్టు బయట పరిష్కారానికి పంపే 89వ సెక్షన్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆలుమగల కేసుల్లో ముందు రాజీకి ప్రయత్నించాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోనే కోర్టుల మీద బాధ్యత పెట్టింది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన కె.శ్రీనివాసరావు తీర్పు మన తెలుగు జంట కేసే. ఏళ్ల తరబడి కేసుల మీద కేసులు వేసుకున్న ఆ ఇద్దరి గొడవ చూశాక, ఇలాంటి వివాదాలను మొదట్లోనే మీడియేషన్‌కు పంపాలని, కోర్టులో కేసు వేయకముందే ప్రయత్నించే ఏర్పాటు ఉండాలని కోర్టు చెప్పింది. తప్పు చేసినవాళ్లు దీన్ని అడ్డం పెట్టుకుని శిక్ష తప్పించుకోకుండా చూడాలని కూడా అదే తీర్పులో హెచ్చరించింది. 2023లో పార్లమెంటు ప్రత్యేకంగా మీడియేషన్ చట్టం చేసింది, అందులో కొన్ని సెక్షన్లను ఆ ఏడాది అక్టోబర్ 9న అమల్లోకి తెచ్చారు.

వీటన్నిటి తర్వాత కూడా మరిచిపోకూడని విషయం ఒకటుంది. మీడియేషన్‌లో రాసుకున్న ఒప్పందంతో పెళ్లి రద్దు కాదు. ఆ ఒప్పందం పట్టుకుని, ఇద్దరి సమ్మతితో విడాకులకు వీలిచ్చే హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి కోర్టుకు వెళ్లాలి. అక్కడ కొట్లాట ఉండదు, తప్పులు నిరూపించే పని ఉండదు, కానీ డిక్రీ ఇవ్వాల్సింది కోర్టే. లోక్ అదాలత్‌లో విడాకులు ఇప్పిస్తామని చెప్పే దళారుల మాట నమ్మొద్దు. జాతీయ లోక్ అదాలత్‌లో తీసుకునే వైవాహిక వివాదాల్లో విడాకులు లేవు. మనోవర్తి లాంటివి అక్కడ పరిష్కరించుకోవచ్చు, అక్కడి రాజీ ఉత్తర్వుకు (అవార్డు) డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజూ వాపసు వస్తుంది.

ఒప్పందంలో ఏం ఉండాలన్నదే అసలు సంగతి. ఒక జంటను ఊహించుకుందాం. ఆమెది మిర్యాలగూడ దగ్గరి ఊరు, అతనిది కల్వకుర్తి వైపు. పెళ్లయి ఏడేళ్లు, ఆరేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా ఎవరింట్లో వాళ్లు ఉంటున్నారు. అతనికి మూడెకరాల పత్తి చేను, పత్తి పని లేనప్పుడు హైదరాబాద్‌లో ఆటో. పెళ్లిలో ఆమెకు ఎనిమిది తులాల బంగారం, సామాన్లు పెట్టారు. నగదు కూడా ఇచ్చారు.

పంచాయితీ అయితే అన్నీ కలిపి ఒక మొత్తం చెప్పి తేల్చేస్తుంది. ఆ మొత్తంలో బంగారం ఎంత, పాప చదువు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అన్నవి ఉండవు. గొడవ మళ్లీ లేచేది అక్కడే. మీడియేషన్ గదిలో ఒక్కో ముడీ విడివిడిగా విప్పాలి. ముందు బంగారం. ఎనిమిది తులాల్లో మూడు ఆమె ఒంటి మీదే ఉన్నాయి. మిగతా ఐదు బోరు వేయడానికి అతని పేరు మీద కుదువ పెట్టారు. బోరు పడలేదు, అప్పు మిగిలింది. పెళ్లిలో ఆమెకు పెట్టిన బంగారం ఆమె స్త్రీధనం, భర్త దగ్గర ఉన్నా అది ఆమెదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని 'బంగారం ఇస్తాను' అంటే సరిపోదు. ఏ తేదీలోపు విడిపించాలి, ఆ రోజు దాకా వడ్డీ ఎవరు కట్టాలి, విడిపించలేకపోతే ఏ రోజు ధర ప్రకారం డబ్బు ఇవ్వాలి, ఇవన్నీ రాయాలి. కట్నం తీసుకోవడం నేరమైనా, తీసుకున్న కట్నం ఆ అమ్మాయికే చెందాలని 1961 కట్న నిషేధ చట్టంలోని ఆరో సెక్షన్ చెబుతుంది. కాబట్టి నగదు సంగతి మాట్లాడటానికి సిగ్గుపడాల్సిన పని లేదు. బీరువా, మంచం, వంటసామాను జాబితా కూడా చిన్నతనంగా అనుకోకుండా రాసుకోవాలి. ఏ ట్రాలీలో, ఏ రోజు, ఎవరి సమక్షంలో తెచ్చుకుంటారో తేల్చుకోకపోతే బీరువా దగ్గరే కొట్లాట అవుతుంది.

తర్వాత డబ్బు. ఉద్యోగం లేని మనిషికి నెలనెలా ఇంత అని రాస్తే రెండో నెలకే తప్పుతుంది. పత్తి అమ్మాక జనవరిలో ఒక వాయిదా, వచ్చే ఏడు మళ్లీ పత్తి మీద ఇంకొకటి, ఆటో సంపాదన నుంచి పాప కోసం చిన్న మొత్తం నెలనెలా అని రాసుకుంటే అతను కట్టగలుగుతాడు, ఆమెకు అందుతుంది. నల్లగొండ వైపు బత్తాయి తోట ఉన్నవాళ్లకూ, మూసీ కాలువ కింద వరి వేసేవాళ్లకూ డబ్బు చేతికొచ్చే నెలలు వేరు. పంట క్యాలెండర్ చూడకుండా రాసిన ఒప్పందం నిలవదు. భూమి రాసిస్తామంటే మరింత జాగ్రత్త పడాలి. సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఏ వైపు, దారి ఎటు, పాస్‌బుక్కు మార్పించే ఖర్చు ఎవరిది, అన్నీ ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఆఖరి సంతకం పెడతానని ఆమె పట్టుబడితే అది మొండితనం కాదు.

పాప సంగతి అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకోవాలి, కానీ ఆ చర్చ దగ్గరికి వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. కాబట్టి దాన్ని ముందే మాట్లాడటం మంచిది. ఎవరి దగ్గర పెరుగుతుంది, రెండోవాళ్లు ఎప్పుడు చూస్తారు? 'వీలున్నప్పుడు చూడొచ్చు' అన్న వాక్యం ఏ పనికీ రాదు. నెలలో రెండో ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు, బతుకమ్మకు అమ్మమ్మ ఇంట్లో, సంక్రాంతికి నానమ్మ దగ్గర, అని రాసుకోవాలి. దింపేది బస్టాండ్‌లోనా, ఇంటి దగ్గరా? ఫోన్ ఎన్ని గంటలకు? బడి మారిస్తే టీసీ మీద ఎవరి సంతకం? ఇలాంటివి రాసుకున్న తల్లిదండ్రులు తర్వాత ఒకరి ఫోన్ ఒకరు ఎత్తకపోయినా పాప రోజులు సాగుతాయి. ఇడుపు కాయితాల్లో 'పిల్లలకు తండ్రి ఆస్తితో, మనోవర్తితో సంబంధం లేదు' అని రాయిస్తుంటారు. తల్లిదండ్రులు సంతకం పెట్టినంత మాత్రాన పిల్లల మనోవర్తి హక్కు పోదు. పిత్రార్జితంలో వాటా ఆలుమగల విడాకులతో పోదు.

మేనరికాల సంగతి వేరే చెప్పుకోవాలి. అక్క కొడుక్కు పిల్లనిచ్చిన ఇంట్లో విడాకులంటే అక్కాతమ్ముళ్లు విడిపోవడమే. రేపు చావుకైనా పెళ్లికైనా ఆ రెండు కుటుంబాలు ఒకే ముంగిట్లో నిలబడాలి. అలాంటి ఇంట్లో అత్త మీద కేసు పెట్టడమంటే సొంత మేనత్తను స్టేషన్‌కు ఈడ్చడమే. మీడియేషన్ ఎవరికైనా పనికొస్తుంది కానీ, ఇలాంటి ఇళ్లకు అత్యవసరం. ఎవరు తప్పు చేశారో తేల్చకుండానే విడిపోయే వీలు ఇక్కడ ఉంది, బంధుత్వంలో కొంతైనా మిగిలేది దానివల్లే.

క్రిమినల్ కేసు అప్పటికే ఉంటే ఒప్పందంతో అది దానంతటదే పోదు. భార్యను వేధించారన్న కేసులో (పాత ఐపీసీ 498ఎ, ఇప్పటి న్యాయ సంహిత 85వ సెక్షన్) రాజీ కుదిరితే, ఇద్దరూ హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయమని అడగాల్సి రావచ్చు. ఆలుమగల కేసుల్లో రాజీ నిజమైనదైతే హైకోర్టు అలా చేయవచ్చని 2003లో బీఎస్ జోషి తీర్పు చెప్పింది. ఒప్పందంలో ఎవరు ఏ కేసు ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో, దానికి ఎవరు ఎప్పుడు హైదరాబాద్ రావాలో ఉండాలి. డబ్బు వాయిదాలను కూడా ఈ మెట్లకే కట్టాలి. 13బి పిటిషన్ వేసిన రోజు కొంత, క్రిమినల్ కేసు కొట్టేసిన రోజు కొంత, విడాకుల కోసం కోర్టులో రెండోసారి వాంగ్మూలం ఇచ్చే రోజు మిగతాది, వీలైతే డీడీ రూపంలో. అంతా ముందే ఇచ్చేస్తే ఆమె రాకపోవచ్చని అతని టెన్షన్, సంతకం పెట్టాక అతను ఇవ్వడని ఆమె టెన్షన్. రెండు భయాలకూ కారణం ఉంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లో సురేష్టాదేవి కేసులోనే చెప్పింది మరి.

పోలీస్ స్టేషన్లో జరిగే కౌన్సెలింగ్ మీడియేషన్ కాదు. కేసు పెట్టిన మనిషి, ఆ కేసు రాసుకునే అధికారి ఒకే గదిలో ఉన్నప్పుడు ఒప్పుకోవడంలో ఇష్టమెంతో భయమెంతో చెప్పలేం. కొట్టుడు నడుస్తున్న ఇంటికి మీడియేషన్ కూడా సరిపడదు. అతని కంటిచూపుకే ఆమె నోరు పడిపోతుంటే, ఆ బల్ల దగ్గర కుదిరే రాజీకి విలువ లేదు. ముందు రక్షణ కావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, వేధింపులకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పోవాలి, 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవాలి. రాజీ మాట ఆ తర్వాత, అదీ ఆమె కోరుకుంటేనే.

ఎక్కడికి పోవాలి అంటే, జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 2022 జూన్‌లో న్యాయ జిల్లాలను కొత్త జిల్లాలకు తగ్గట్టు మార్చాక సూర్యాపేట వాళ్లు నల్లగొండకు, వనపర్తి, గద్వాల వాళ్లు మహబూబ్‌నగర్‌కు రావాల్సిన పని పోయింది. కేసు వేయకముందే అక్కడ అర్జీ ఇస్తే అవతలివాళ్లకు నోటీసు పంపి పిలుస్తారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పొందే హక్కు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఇచ్చింది. వివరాలకు 15100 నంబరు ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు సొంత వకీలుతో ఒకసారి చదివించుకోవాలి, మీడియేటర్ ఎవరి వకీలూ కాదు. తండాల్లోని లంబాడాలకు మాత్రం చట్టం వేరుగా పనిచేస్తుంది. ప్రత్యేక నోటిఫికేషన్ ఇస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని 2(2) సెక్షన్ చెబుతుంది. అక్కడ ఆచారం మాటకు బరువెక్కువ, కాబట్టి ముందే వకీలును అడగాలి. ముస్లింలకు ఇద్దరి సమ్మతితో విడిపోయే ముబారత్ ఉంది, క్రైస్తవులకు అదే పనికి విడాకుల చట్టంలో 10ఎ సెక్షన్ ఉంది.

13బి కింద పిటిషన్ వేయాలంటే కనీసం ఏడాది వేరుగా ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి వాంగ్మూలం ఇవ్వాలి. కానీ పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర వేరుగా ఉండి, రాజీ ప్రయత్నాలు అయిపోయి, మనోవర్తి, పిల్లల సంగతి తేలిపోతే ఆ ఆరు నెలలు ఆగక్కర్లేకుండా కోర్టు మినహాయింపు ఇవ్వవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తగిన కారణముంటే వీడియో కాన్ఫరెన్స్ వాడుకోవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ముంబైకో పుణెకో వలసపోయిన పాలమూరు కూలీకి ఈ సంగతి తెలిస్తే రెండు మూడు ప్రయాణాల ఖర్చు తప్పుతుంది.

పదేళ్ల కింద రాసుకున్న ఇడుపు కాయితం ఏ బీరువాలోనైనా ఉంటే దాన్ని పారేయొద్దు. అది విడాకులు ఇవ్వలేదు కానీ, ఏ తేదీ నుంచి ఇద్దరూ వేరుగా ఉంటున్నారో చూపించే ఆధారంగా పనికొస్తుంది. ఇద్దరూ ఇంకా మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, ఆ కాయితంతో ఇప్పుడైనా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, మిగిలిన లెక్కలు తేల్చుకుని, 13బి పిటిషన్ వేయొచ్చు. ఏడాదిన్నర ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి ఆరు నెలల మినహాయింపూ అడగొచ్చు. ఎవరైనా ఇప్పటికే మారు మనువు చేసుకుని ఉంటే మాత్రం ఇప్పుడొచ్చే డిక్రీ ఆ పాత తేదీకి వర్తించదు. వాళ్లు ముందు వకీలు దగ్గరికి పోవాలి, ఆ పాత కాయితం వెంట తీసుకుని.